ఎక్కడికీ వెళ్లని విమానం

2020 అక్టోబరు 10న సిడ్నీ నుంచి క్వాంటాస్ సంస్థ బోయింగ్ 787 విమానం ఒకటి బయల్దేరింది. ఏడు గంటలకు పైగా గాలిలో తిరిగింది. క్వీన్స్‌లాండ్ తీరం, గ్రేట్ బ్యారియర్ రీఫ్ పగడపు దిబ్బలు, ఎడారి నడిబొడ్డున ఎర్రగా నిలబడే ఉలూరు కొండ... చూడదగ్గ చోటల్లా ఎత్తు తగ్గించి, కిటికీల పక్కనున్నవాళ్లకు కనులపండువ చేసి, చివరికి మళ్లీ సిడ్నీలోనే దిగింది. ఎక్కిన చోటే దిగడానికి ప్రయాణికులు చెల్లించింది 787 ఆస్ట్రేలియా డాలర్ల నుంచి 3,787 డాలర్ల దాకా. అమ్మకానికి పెట్టిన పది నిమిషాల్లో టికెట్లన్నీ అయిపోయాయి.

అంతకు మూడు నెలల ముందే తైవాన్‌లో ఇంతకన్నా వింత జరిగింది. తైపేలోని సాంగ్‌షాన్ విమానాశ్రయం వాళ్లు ఉత్తుత్తి ప్రయాణం ఒకటి ఏర్పాటు చేస్తామంటే ఏడు వేల మంది దరఖాస్తు పెట్టుకున్నారు. వాళ్లలోంచి ఎంపికైన మొదటి 60 మంది జులై 2న బోర్డింగ్ పాసులు తీసుకున్నారు. భద్రతా తనిఖీల వరసలో నిలబడ్డారు. ఇమిగ్రేషన్ దాటారు. విమానమెక్కి కూర్చున్నారు. విమానం మాత్రం కదల్లేదు. కాసేపటికి దిగి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

కరోనా రోజుల్లో నాలుగు గోడల మధ్య మగ్గినవాళ్ల వెర్రి అని దీన్ని కొట్టిపారేయొచ్చు. ఇంధనం తగలేసి గాలిలో చక్కర్లు కొట్టడమేమిటని పర్యావరణవాదులు అప్పట్లోనే గట్టిగా తగులుకున్నారు. అందులో న్యాయం ఉంది కూడా. అయితే ఆ వెర్రిలో ఒక అసలైన ప్రశ్న ఉంది. గమ్యాన్ని తీసేస్తే ప్రయాణంలో మిగిలేదేమిటి? ఆ మిగిలినదాని కోసం మనుషులు జేబులో డబ్బు ఎందుకు తీస్తున్నారు?

రవాణా రంగాన్ని చదివే ఆర్థికవేత్తల లెక్కలో ప్రయాణం ఎవరూ కోరి కొనుక్కునే సరుకు కాదు. ఆఫీసుకో బడికో సంతకో చేరడానికి తప్పక పెట్టే ఖర్చు. రోడ్డు వెడల్పు చేసినా, మెట్రో వేసినా, జనానికి ఎన్ని నిమిషాలు ఆదా అయ్యాయన్నదాన్ని బట్టే లాభం కడతారు. ఆ లెక్కన చేయనక్కర్లేని ప్రయాణమే అన్నిటికన్నా మంచి ప్రయాణం. ప్యాట్రీషియా మొఖ్‌తారియన్, ఇలాన్ సాలమన్ అనే ఇద్దరు పరిశోధకులకు ఈ మాట మింగుడుపడలేదు. 1998లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో 1,900 మందికి పైగా జనాన్ని ప్రశ్నించి, 2001లో ఫలితాలు బయటపెట్టారు. ప్రయాణంలో బాగున్నదంటూ ఉంటే అది చేరుకోవడం ఒక్కటే అన్న వాక్యాన్ని ఒప్పుకోనివాళ్లు మూడింట రెండొంతుల కన్నా ఎక్కువ తేలారు. మొఖ్‌తారియన్ పాల్గొన్న ఇంకో అధ్యయనంలో, ఇంటి నుంచి ఆఫీసుకు ఎంతసేపు పడితే బాగుంటుందని ఉద్యోగులను అడిగారు. సగటు జవాబు సున్నా కాదు, 16 నిమిషాలు. ఇంటి గొడవలు వెనక వదిలి ఆఫీసు గొడవల్లోకి దిగడానికి ఆ కాస్త దారి కావాలన్నమాట. హైటెక్ సిటీ సిగ్నళ్ల దగ్గర గంటన్నర ఇరుక్కునేవాళ్లకు ఇది వెటకారంలా వినిపిస్తే తప్పు వాళ్లది కాదు. వాళ్లు అడుగుతున్నదీ ఆ పదహారు నిమిషాలే.

విశాఖపట్నం నుంచి కిరండోల్ వెళ్లే రైలెక్కితే ఆ సర్వే ఫలితం కళ్లకు కడుతుంది. బైలదిల్లా గనుల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన మార్గమది. దారిలో 58 సొరంగాలు. శిమిలిగూడ స్టేషన్ దగ్గర సముద్రమట్టం నుంచి ఎత్తు 996 మీటర్లు. దారిలోని అరకుకు వెళ్లడానికి బస్సులున్నాయి, కార్లున్నాయి, ఘాట్ రోడ్డు బాగానే ఉంటుంది. రైలేమో అనంతగిరి కొండల మీద పాకుతూ నాలుగు గంటల దాకా తీసుకుంటుంది. అయినా కిటికీ సీటు కోసం తెల్లవారకముందే పిల్లాజెల్లాతో ప్లాట్‌ఫారం మీద నిలబడేవాళ్లు ఎందరో. 2017లో గాజు పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెను తగిలించాక ఆ పెట్టెకూ గిరాకీ పెరిగింది. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ బోగీ అంతా కేకలు పెడుతుంది. ఆ కేకలకూ అరకులో చూడబోయేదానికీ ఏ సంబంధమూ లేదు. పాపికొండల లాంచీ సంగతీ అంతే. పూటంతా గోదావరి మీద సాగి, పేరంటపల్లిలో కాసేపు దిగి, వచ్చిన దారినే వెనక్కి రావడం. ఆ కాసేపటి కోసమే అయితే ఎవరూ అంత దూరం పోరు.

ఇంత ఇష్టం ఉన్నా, పని లేకుండా ఊరెళ్లడమంటే మన ఇళ్లలో ఇప్పటికీ కాస్త మొహమాటమే. పెళ్లికో, మొక్కుకో, ఆస్పత్రికో, కోర్టు వాయిదాకో అంటే ఇంకెవరూ మాట్లాడరు. ఏ పనీ లేదు, చూసొద్దామనిపించింది అంటే మాత్రం ఇంటిల్లిపాదీ ఎగాదిగా చూస్తారు. అందుకే తిరగాలన్న కోరిక మన దగ్గర చాలాకాలం యాత్ర అన్న పేరుతో బతికింది. మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్‌గా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. వెంట వంద మంది దాకా పరివారం. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ తిరగేస్తే దేవుళ్లతో పాటు దారిపొడవునా బావులు, సత్రాలు, వాగులు, అంగళ్లలో దొరికే సరుకులు, ఊరూరి అలవాట్లు కనిపిస్తాయి. పుణ్యం కోసం బయల్దేరిన మనిషి కళ్లు మాత్రం దారినే చూస్తూ వెళ్లాయి. పుణ్యమొక్కటే కావాలనుకుంటే ఇదంతా రాసుకోవలసిన అవసరం లేదు.

కొత్త చోటు చూడాలన్న తహతహ మనిషికి చదువుతోనో డబ్బుతోనో వచ్చింది కాదు. 1930లో హెన్రీ నిస్సెన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎలుకలకూ ఒక కొత్త చోటుకూ నడుమ కరెంటు పారే తీగల తడిక పరిచాడు. అవతల తిండి లేదు, నీళ్లు లేవు, జోడూ లేదు. ఉన్నవల్లా ఎలుక ఎన్నడూ ఎరగని మలుపులు, వస్తువులు. అయినా ఎలుకలు షాకు తింటూ తడిక దాటి వెళ్లాయి. ఎందుకెళ్లాయంటే చూడటానికి.

అదే ఏడాది కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ టోల్మన్, చార్లెస్ హోన్జిక్ ఇంకో పని చేశారు. కొన్ని ఎలుకలను చిక్కుదారుల పెట్టెలో పది రోజుల పాటు ఎరేమీ పెట్టకుండా తిరగనిచ్చారు. పదకొండో రోజున దారి చివర తిండి పెట్టారు. ఆ మర్నాడే అవి మొదటి నుంచీ తిండి కోసం దారి నేర్చుకుంటూ వచ్చిన ఎలుకలతో సమంగా, తక్కువ తప్పులతో పరిగెత్తాయి. ఉత్తినే తిరిగినన్ని రోజులూ వాటి తలలో ఆ చోటి పటం ఒకటి తయారవుతూనే ఉందని టోల్మన్ వాదించాడు. అది మెదడులో ఎక్కడుందో తేలడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, హిప్పోక్యాంపస్ అనే భాగంలో కొన్ని నాడీకణాలు ఎలుక ఫలానా చోటికి వచ్చినప్పుడే మేల్కొంటున్నాయని గమనించాడు. 2005లో నార్వేలో మోసర్ దంపతులు దూరాన్నీ దిక్కునూ గళ్ల కాగితం మీద గీసినట్టు కొలిచే కణాలను పక్క భాగంలోనే కనిపెట్టారు. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. చోట్లను గుర్తుపెట్టుకునే ఆ హిప్పోక్యాంపస్సే మన అనుభవాలను జ్ఞాపకాలుగా మారుస్తుంది. పైగా మెదడు నడుమ డోపమైన్‌ను విడుదల చేసే భాగాలతో దానికి దగ్గరి బంధం ఉంది. 2006లో నికో బుంజెక్, ఎమ్రా డ్యూజెల్ మనుషులకు రకరకాల బొమ్మలు చూపిస్తూ మెదడును స్కాన్ చేశారు. బొమ్మ అరుదుగా వచ్చిందా, మనసును కలవరపెట్టేదా అన్నదానితో పని లేకుండా, ఇంతకుముందు చూడని బొమ్మ వచ్చినప్పుడే ఆ డోపమైన్ భాగం చురుకెక్కింది. కొత్తదనాన్ని మెదడు బహుమతి దొరకబోతోందన్న కబురులా తీసుకుంటోందని వాళ్ల వివరణ. మలుపు తిరిగితే ఏముందో అన్న కుతూహలానికి ఇది ఒక పునాది.

అయితే కొత్తదనమంటే ఎంత దూరం పోవాలి? ఈ ప్రశ్నకు ఇటీవల దొరికిన చక్కటి జవాబు న్యూయార్క్, మయామీ నగరాల నుంచి వచ్చింది. ఆరన్ హెల్లర్, క్యాథరీన్ హార్ట్‌లీల బృందం 132 మంది కదలికలను మూడు నాలుగు నెలల పాటు జీపీఎస్‌తో వెంటాడింది. మధ్యమధ్యలో ఫోనుకు సందేశం పంపి, ఇప్పుడు మీ మనసు ఎలా ఉందని అడిగింది. ఎంత దూరం వెళ్లారన్నదాన్ని కాకుండా, ఒక రోజులో ఎన్ని వేర్వేరు చోట్ల ఎంతెంతసేపు గడిపారన్న వైవిధ్యాన్ని కొలిచింది. ఎక్కువ చోట్లు తిరిగిన రోజుల్లో జనం తాము సంతోషంగా, ఉత్సాహంగా, హాయిగా ఉన్నామని ఎక్కువగా చెప్పారు. కొంతమందిని స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి చూస్తే, హిప్పోక్యాంపస్‌కూ బహుమతిని పట్టించుకునే స్ట్రయాటమ్‌కూ మధ్య సంధానం గట్టిగా ఉన్నవాళ్లలో ఈ లాభం మరీ ఎక్కువ. 2020లో ‘నేచర్ న్యూరోసైన్స్’లో వచ్చిన ఈ పరిశోధనలో విమానాలు, పాస్‌పోర్టులు ఏవీ లేవు. జనం తిరిగింది చాలావరకు తమ నగరాల్లోనే. కొత్త వీధి, ఎప్పుడూ దిగని స్టాపు, వెళ్లని పార్కు. అయితే ఈ బంధం రెండువైపులా పనిచేస్తుందని కూడా పరిశోధకులు చెప్పారు. తిరిగితే మనసు బాగుంటుంది, మనసు బాగుంటే తిరగబుద్ధవుతుంది.

తిరుగుడులోని వైవిధ్యాన్ని లెక్కించే ఈ కొలత మొదట పుట్టింది చుంచెలుకల కోసం. 2013లో జర్మనీలో గెర్డ్ కెంపర్‌మన్ బృందం జన్యుపరంగా అచ్చుగుద్దినట్టున్న 40 చుంచెలుకలను, వేర్వేరు అంతస్తులూ ఆటవస్తువులూ ఉన్న పెద్ద బోనులో మూడు నెలలు వదిలింది. పుట్టుకతో తేడా లేని ఆ జీవుల్లో కొన్ని ఊరంతా తిరిగాయి, కొన్ని మూల పట్టాయి. బాగా తిరిగిన వాటి హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాలు ఎక్కువగా పుట్టాయి. పెద్దవయసు మనుషుల్లో కొత్త నాడీకణాలు పుడతాయా లేదా అన్నది మాత్రం ఇంకా వాదులాటలోనే ఉంది కాబట్టి, తిరిగితే మెదడు పెరుగుతుందని వాట్సాప్‌లో ఎవరైనా పంపితే వెంటనే నమ్మేయనక్కర్లేదు. కాళ్లకు చక్రాలున్నవాళ్ల కోసం కనిపెట్టారంటూ పత్రికలు ఆర్భాటం చేసిన ‘సంచార జన్యువు’ సంగతీ అలాంటిదే. డీఆర్‌డీ4 అనే జన్యువులో ఒక రకం, పూర్వీకులు దూరదేశాలకు వలసపోయిన జాతుల్లో ఎక్కువగా కనిపిస్తోందని 1999లో ఒక పరిశోధన వచ్చిన మాట నిజం. ఒక జనసమూహం గురించి చెప్పిన ఆ మాటతో, మన పక్కింటి కుర్రాడు బైకేసుకుని లడఖ్ ఎందుకెళ్లాడో తేల్చలేం.

కదలిక సంగతి కూడా చూడాలి. బస్సెక్కిన పది నిమిషాలకే పక్కవాడి భుజం మీద తల వాల్చేవాళ్లను చూసి నవ్వుతాం గానీ అందులో శరీరధర్మం ఉంది. జెనీవా విశ్వవిద్యాలయంలో సోఫీ ష్వార్ట్జ్ బృందం ఊగే మంచం తయారుచేసి, దాని మీద మనుషులను పడుకోబెట్టి చూసింది. 2011లో మధ్యాహ్నపు కునుకు మీద చేసిన ప్రయోగంలో, మంచం మెల్లగా ఊగుతుంటే జనం త్వరగా నిద్రలోకి జారుకున్నారు. 2019లో రాత్రంతా ఊపి చూశారు. నాలుగు సెకన్లకు ఒక ఊపు. గాఢనిద్ర పెరిగింది, ముందురోజు నేర్చుకున్న మాటలు మర్నాడు బాగా గుర్తొచ్చాయి. చెవి లోపల సమతూకాన్ని పసిగట్టే భాగం పుట్టుకతోనే పనిచేయని చుంచెలుకలను ఊపితే మాత్రం ఈ లాభం కనిపించలేదు. చంటిపిల్లలను ఉయ్యాలలో వేసే మన అమ్మమ్మలకు ఇందులో వింతేమీ ఉండదు. ఘాట్ రోడ్డు మీద అదే చెవి కంటితో పేచీ పడితే కడుపులో తిప్పుతుందన్నదీ వాళ్లకు తెలుసు, అందుకే సంచిలో నిమ్మకాయ ఉండేది.

కాలం విషయంలో ప్రయాణం ఇంకో తమాషా చేస్తుంది. వెళ్లేటప్పుడు ఎంతకీ తరగని దారి వచ్చేటప్పుడు ఇట్టే అయిపోయినట్టుంటుంది. నెదర్లాండ్స్‌లో నీల్స్ వాన్ డె వెన్, సహచరులు 2011లో దీన్ని కొలిచారు. తిరుగు ప్రయాణం సగటున 22 శాతం తక్కువసేపు పట్టినట్టు జనానికి అనిపించింది. దారి అలవాటైపోవడం వల్లనేమో అని మనకు తోస్తుంది. వాళ్లకూ అదే అనుమానం వచ్చి, కొందరిని సైకిళ్ల మీద వేరే దారిలో, అంతే దూరం తిప్పి వెనక్కి తెచ్చారు. అప్పుడూ తక్కువే అనిపించింది. వెళ్లేటప్పుడు మన అంచనా కన్నా ఎక్కువసేపు పట్టడంతో, వచ్చేటప్పుడు మరీ ఎక్కువ ఊహించుకుని కూర్చుంటాం, అంత పట్టకపోయేసరికి దారి చిన్నదైనట్టుంటుంది అన్నది వాళ్లు చెప్పిన కారణం.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడి నుంచి కథ కాస్త చప్పబడుతుంది.

2010లో యెరూన్ నవెయిన్ అనే డచ్ పరిశోధకుడి బృందం 1,530 మందిని పరిశీలించింది. అందులో 974 మంది విహారానికి వెళ్లొచ్చారు. వెళ్లబోయేవాళ్లు వెళ్లనివాళ్ల కన్నా సంతోషంగా ఉన్నారు, అదీ బయల్దేరకముందే. తిరిగొచ్చాక మాత్రం ఇద్దరికీ తేడా లేదు. ఏ ఒత్తిడీ లేకుండా పూర్తిగా విశ్రాంతిగా గడిపామని చెప్పినవాళ్లలో మాత్రమే ఆ హాయి కొన్ని వారాలు నిలిచింది. జెస్సికా డె బ్లూమ్ అనే ఇంకో పరిశోధకురాలు 54 మంది ఉద్యోగుల సుదీర్ఘ వేసవి సెలవులను, సగటున 23 రోజులవి, మొదటి నుంచి చివరి దాకా వెంబడించింది. వాళ్ల ఆరోగ్యం, ఉత్సాహం ఎనిమిదో రోజుకు శిఖరానికి చేరాయి. ఆఫీసులో అడుగుపెట్టిన మొదటి వారంలోనే పాత మట్టానికి దిగిపోయాయి. 2025లో 32 అధ్యయనాలను కలిపి చూసిన అమెరికన్ బృందం ఒకటి పరిస్థితి మరీ అంత అన్యాయంగా లేదని, లాభం మునుపు అనుకున్నదాని కన్నా ఎక్కువ కాలమే నిలుస్తోందని చెప్పింది. ఎక్కువ లాభపడింది ఎవరంటే, సెలవులో పనిని మనసులోంచి పూర్తిగా దించేసుకున్నవాళ్లు. ఒంటికి పని చెప్పిన విహారాలూ బాగా ఉపకరించాయి. తిరుపతి కొండ మెట్లెక్కుతూ కూడా ఆఫీసు గ్రూపులో బొటనవేలు గుర్తులు పెడుతూ పోయేవాళ్లు ఏం పోగొట్టుకుంటున్నారో ఇందులో ఉంది.

ఈ అధ్యయనాల్లో ఒక మెలిక కూడా ఉంది. అనుభవిస్తున్నప్పుడు ఉన్న మనసు వేరు, తలచుకుంటున్నప్పుడు ఉండే మనసు వేరు. 1997లో టెరెన్స్ మిచెల్, లీ థాంప్సన్, సహచరులు ప్రచురించిన పరిశోధనలో కొందరు విద్యార్థులు కాలిఫోర్నియా మీదుగా మూడు వారాల సైకిల్ యాత్ర చేశారు. బయల్దేరే ముందు గొప్పగా ఊహించుకున్నారు. దారిలో ఉన్నప్పుడు అలసట, విసుగు, చికాకులు రాసుకున్నారు. వచ్చాక కొద్ది రోజులకే ఆ చికాకులు వెనక్కి జరిగి, యాత్ర మళ్లీ గొప్పదైపోయింది. డేనియల్ కానమన్ బృందం 1993లో చెప్పిన సూత్రం ఇక్కడ సాయపడుతుంది. ఒక అనుభవం ఎంతసేపు సాగిందన్నదాన్ని జ్ఞాపకం పెద్దగా లెక్కపెట్టదు. అందులోని పతాక ఘట్టాన్నీ ముగింపునూ పట్టుకుని తీర్పు చెప్పేస్తుంది. పది రోజుల్లో పద్దెనిమిది ఊళ్లు చూపించే ప్యాకేజీ టూరు వాళ్లు ఈ సంగతి తెలిసి చేస్తున్నారో తెలియక చేస్తున్నారో గానీ, చివరి రోజును అర్ధరాత్రి విమానంతో, షాపింగ్ మాల్‌తో ముగించడం మాత్రం శుద్ధ తెలివితక్కువ పని.

డబ్బు లెక్కకు వద్దాం. క్వాంటాస్ విమానం సిడ్నీలో దిగిన రెండు రోజులకు, 2020 అక్టోబరు 12న, భారత ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కేంద్ర ఉద్యోగులకు ఒక పథకం ప్రకటించారు. కరోనా వల్ల ఎల్‌టీసీ అనే సెలవు ప్రయాణ రాయితీ మీద ఊళ్లు తిరగలేనివాళ్లు దానికి బదులు వస్తువులు కొనుక్కోవచ్చన్నారు. ఛార్జీలకు మూడింతల డబ్బు, 12 శాతం అంతకు మించి జీఎస్టీ ఉన్న సరుకుల మీదో సేవల మీదో, డిజిటల్ చెల్లింపుతో ఖర్చుపెట్టాలన్నారు. మందగించిన మార్కెట్‌ను కదిలించడానికి చేసిన ఏర్పాటది, ఆ కోణంలో తప్పుపట్టడానికి లేదు. ఉద్యోగి సంతోషం కోణంలో చూస్తే మాత్రం బేరం నష్టమే. 2003లో లీఫ్ వాన్ బోవెన్, థామస్ గిలోవిచ్ మొదలుపెట్టిన పరిశోధనల వరస ఒకటే చెబుతోంది. దాదాపు అంతే డబ్బు వస్తువుల మీద పెట్టినప్పటి కన్నా అనుభవాల మీద పెట్టినప్పుడు జనం ఎక్కువ తృప్తి పడతారు. ఫ్రిజ్జు వచ్చిన నెలకే గోడలో భాగమైపోతుంది, పైగా పక్కింటికి ఇంకా పెద్దది వస్తుంది. చూసొచ్చిన ఊరిని పక్కింటివాళ్ల ఊరితో తూచడం అంత తేలిక కాదు. 2014లో గిలోవిచ్ ఇద్దరు సహచరులతో కలిసి ఎదురుచూపులను కూడా పరిశీలించాడు. వస్తువు కోసం చూసే ఎదురుచూపుల్లో అసహనం ఎక్కువ, అనుభవం కోసం చూసేవాటిలో ఉల్లాసం ఎక్కువ. రైలు టికెట్లు రెండు నెలల ముందే తీసుకునే మధ్యతరగతి కుటుంబం ఆ రెండు నెలలూ వేసుకునే ప్లాన్లు ఖర్చు లేని సంతోషం.

అలాగని తిరుగుడంతా మందు కాదు. అమెరికాలో 18 వేల మందికి పైగా ఉద్యోగుల ఆరోగ్య వివరాలను ఆండ్రూ రండిల్ బృందం 2018లో పరిశీలించింది. నెలకు 14 రాత్రులో అంతకన్నా ఎక్కువో పని మీద బయట గడిపేవాళ్లలో ఆందోళన, కుంగుబాటు లక్షణాలు, నిద్రలేమి, పొగతాగే అలవాటు ఎక్కువగా ఉన్నాయి. విమానం అదే, హోటల్ అదే, కొత్త ఊరూ అదే. తేడా అంతా ఎవరి ఇష్టం మీద వెళ్లారన్నదాంట్లో ఉంది. దీనికి చరిత్రలో ఒక విషాదమైన ఉదాహరణ ఉంది. 1886లో ఫ్రాన్స్‌లోని బోర్డో పట్టణంలో ఆల్బర్ట్ దాదాస్ అనే గ్యాస్ పైపుల పనివాడు ఆస్పత్రి మంచం మీద ఏడుస్తూ కనిపించాడు. ఏదో ఊరి పేరు చెవిన పడితే చాలు, తనకు తెలియకుండానే లేచి నడక మొదలుపెట్టేవాడు. మాస్కో దాకా వెళ్లాడు. తెలివొచ్చేసరికి చేతిలో డబ్బు లేక, కాగితాలు లేక జైళ్లలో ఉండేవాడు. అతనికి వైద్యం చేసిన ఫిలిప్ తిస్సియే ఈ జబ్బు మీదే సిద్ధాంత వ్యాసం రాశాడు. ఐరోపాను కాలినడకన చుట్టిన ఆ మనిషికి ఒక్క ఊరు కూడా సంతోషం ఇవ్వలేదు, ఎందుకంటే ఏ ఊరినీ అతను ఎంచుకోలేదు.

మరి ఆయుష్షు? ఇక్కడ అంకెలు ఊరిస్తాయి, జాగ్రత్తగా చదవాలి. గుండెజబ్బు ముప్పున్న 12,338 మంది అమెరికన్ పురుషులను తొమ్మిదేళ్లు గమనించిన అధ్యయనం 2000లో వచ్చింది. ఏటా సెలవులు తీసుకున్నవాళ్లలో మరణాలు, ముఖ్యంగా గుండెజబ్బు మరణాలు, తక్కువ. ఫిన్లాండ్‌లో తిమో స్ట్రాండ్‌బెర్గ్ 2018లో వెల్లడించిన ఫలితం ఇంకా ఆసక్తికరం. 1919, 1934 మధ్య పుట్టిన 1,222 మంది వ్యాపార అధికారులను 1970ల నడుమ రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు వ్యాయామం చేయండి, తిండి తగ్గించండి, పొగ మానండి అని అయిదేళ్ల పాటు గట్టిగా చెబుతూ వచ్చారు. ఆ జట్టులో ఏడాదికి మూడు వారాలు, అంతకన్నా తక్కువ సెలవు తీసుకున్నవాళ్లు 1974 నుంచి 2004 లోపు చనిపోయే అవకాశం, ఎక్కువ సెలవు తీసుకున్నవాళ్ల కన్నా 37 శాతం ఎక్కువగా తేలింది. సలహాలేవీ ఇవ్వని రెండో జట్టులో సెలవులకూ చావుకూ సంబంధమే కనిపించలేదు. సెలవు లేని బతుకులో ఆరోగ్య సలహాలే ఇంకో ఒత్తిడి అయి కూర్చున్నాయేమో అని స్ట్రాండ్‌బెర్గ్ ఊహ. ఇవన్నీ పరిశీలనలే, రుజువులు కావు. సెలవు పెట్టగలిగినవాడికి మంచి ఉద్యోగం, నాలుగు డబ్బులు, తిరిగే ఓపిక ముందే ఉండి ఉండొచ్చు. పరిశోధకులు వాటిని లెక్కలోంచి తీసేయడానికి ప్రయత్నించారు గానీ పూర్తిగా తీసేయడం ఎవరి తరమూ కాదు. ఉపాధి హామీ కూలీకి, పాలమూరు నుంచి ముంబై వెళ్లే వలస మేస్త్రీకి ఈ అంకెల్లో చోటే లేదు.

డబ్బు లేనివాళ్లకు ఆశ కలిగించే ఫలితాలూ లేకపోలేదు. 2020లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వర్జీనియా స్టర్మ్ బృందం 60 ఏళ్లు పైబడిన 52 మందిని ఎనిమిది వారాల పాటు వారానికోసారి పావుగంట నడవమంది. సగం మందికి మాత్రం ఒక సూచన ఇచ్చింది. వీలైతే కొత్త చోట నడవండి, చిన్నపిల్లల్లా ఆశ్చర్యంగా చూస్తూ నడవండి. ప్రతి నడకలో సెల్ఫీ తీసుకోమంది. వారాలు గడిచేకొద్దీ ఆశ్చర్యంగా నడిచినవాళ్ల సెల్ఫీల్లో వాళ్ల మొహం చిన్నదవుతూ, వెనకనున్న చెట్టూ ఆకాశం పెద్దవవుతూ వచ్చాయి. నవ్వు విచ్చుకుంది. రోజువారీ బెంగ తగ్గింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిత్రకళ బోధించిన ఆచార్య ఆదినారాయణ, కాలినడకన చేసిన యాత్రలనే ‘భ్రమణకాంక్ష’గా రాశారు. ఆయన పుస్తకాన్ని ఈ పరిశోధనల పక్కన పెట్టి చదివితే, నడకకు మించిన చవక వాహనం లేదన్న సంగతి శాస్త్రం కాస్త ఆలస్యంగా ఒప్పుకుందనిపిస్తుంది.

వీటన్నిటినీ దగ్గర పెట్టి చూస్తే తేలేది ఇది. మేలు చేస్తున్నది దూరం కాదు, ఖర్చూ కాదు. చోటు కొత్తది కావాలి, వెళ్లాలన్న నిర్ణయం మనది కావాలి, పని మనతో రాకూడదు. ఆ మేలు త్వరగానే కరిగిపోతుంది కాబట్టి, అయిదేళ్లకోసారి అప్పు చేసి చేసే స్విట్జర్లాండ్ యాత్ర కన్నా ఏడాదిలో నాలుగైదు సార్లు చేసే చిన్న ప్రయాణాలు లెక్క ప్రకారం లాభం. బెలూం గుహలు చూడని కర్నూలు వాళ్లు, లక్నవరం తీగల వంతెన ఎక్కని వరంగల్ వాళ్లు, పులికాట్‌కు రాజహంసలు వచ్చే కాలంలో ఇంట్లోనే ఉండిపోయే నెల్లూరు వాళ్లు లేరా?

మన దగ్గర ప్రభుత్వ ఉద్యోగులకు సంపాదిత సెలవులను సరెండర్ చేసి డబ్బుగా మార్చుకునే సౌకర్యం ఉంది. పిల్లల ఫీజులకో ఇంటి అప్పుకో ఆ డబ్బు అక్కరకొస్తుంది, కాదనలేం. ప్రైవేటు ఉద్యోగుల సెలవులు చాలాచోట్ల మార్చి నెలాఖరుకో డిసెంబరు నెలాఖరుకో వాడకుండానే మురిగిపోతాయి. ఈసారి సరెండర్ దరఖాస్తు నింపేటప్పుడు అందులో ఒక వారం మాత్రం పక్కకు తీసి పెట్టుకోండి. ఎక్కడికని ఎవరైనా అడిగితే కారణం చెప్పనక్కర్లేదు.